ముగ్గురు కూడి, పేరు పేరునా: వ్యక్తిగత సువార్త కోసం కలిసి ప్రార్థించడం ఎలా?

“నా స్నేహితురాలికి ప్రభువు గురించి చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు. ఒక్కదాన్నే ప్రార్థన చేసుకుంటున్నాను, కొన్నాళ్లకు అదీ చల్లబడిపోతోంది. ఏం చేయను?” మాటలు కాస్త అటూ ఇటూ మారినా, ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ప్రతిసారీ ఒకటే చెప్పాను: మరో ఇద్దరిని వెతుక్కోండి, ముగ్గురూ వారానికోసారి కూడి పేర్లు పెట్టి ప్రార్థించండి. అలా చెప్పగానే, “కూడి ఏం చేయాలి? ఎలా మొదలుపెట్టాలి?” అని అడుగుతారు. వాళ్ల కోసమే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. సువార్త కోసం మనం చేసే ప్రార్థనలో నూటికి తొంభై పాళ్లు వినేవాళ్ల గురించే ఉంటుంది: “ప్రభువా, అతణ్ని మార్చు, ఆమెను రక్షించు.” పౌలు తన కోసం ప్రార్థించమని సంఘాలను అడిగిన చోట్లు తీసి చూడండి. ఎఫెసీ 6:19లో నోరు తెరిచి ధైర్యంగా మాట్లాడటానికి వాక్శక్తి కావాలన్నాడు. కొలొస్సీ 4:3-4లో వాక్యం చెప్పడానికి ద్వారం తెరవబడాలనీ, చెప్పాల్సిన విధంగా స్పష్టంగా చెప్పగలగాలనీ అడిగాడు. రెండు చోట్లా ఆయన సంకెళ్లలోనే ఉన్నాడు, అయినా అక్కడ అడిగింది సంకెళ్లు ఊడాలని కాదు. చెప్పేవాడి కోసం ప్రార్థన అవసరమని అంతటి అపొస్తలుడికే తెలిస్తే మన సంగతి వేరే చెప్పాలా? ముగ్గురు కూడటంలో అసలు ప్రయోజనం ఇదే. మీరు భయపడే చోట మీ కోసం ఇద్దరు నిలబడతారు.

కావలసినవి

- మీతో కలిపి ముగ్గురు. ఇద్దరే దొరికితే ఇద్దరితోనే మొదలుపెట్టండి. మత్తయి 18:19లో ప్రభువు చెప్పింది ఏకీభవించి అడిగే ఇద్దరి గురించే. అయిదుగురికి మించితే మాత్రం రెండు గుంపులవ్వండి.
- వారంలో ఒక రోజు, నలభై నిమిషాలు. ఆ రోజు, ఆ సమయం మారకూడదు.
- బైబిలు.
- ఒక చిన్న నోటుపుస్తకం. ఫోనులో రాసుకోవచ్చు గానీ ఆ నలభై నిమిషాలూ ఫోను చేతిలో ఉంటే ఏమవుతుందో మీకూ తెలుసు.

పాటల పుస్తకం, మైకు, ప్రసంగం అక్కర్లేదు. ఇది కూడిక కాదు, ముగ్గురి పని.

1. ఆ ఇద్దరిని ఎంచుకోండి

సంఘంలో ప్రకటన చేసి పిలవకండి. అలా వచ్చేవాళ్లలో సగంమంది రెండో వారానికే జారిపోతారు. మీరే ప్రార్థించి, ఇద్దరిని విడివిడిగా అడగండి. మూడు సంగతులు చూడండి. విన్న మాట కడుపులో దాచుకోగలరా? చెప్పిన సమయానికి వస్తారా? ప్రభువును ఎరగనివాళ్లతో వాళ్లకు నిజమైన స్నేహాలు ఉన్నాయా? ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. రోజంతా విశ్వాసుల మధ్యే తిరిగే మనిషి ఎంత గొప్ప ప్రార్థనాపరుడైనా ఈ పనికి చెప్పడానికి పేర్లుండవు.

బాగా ప్రార్థించగలవాళ్లనే వెతకకండి. తడబడుతూ రెండు వాక్యాలు ప్రార్థించే మనిషి క్రమం తప్పకుండా వస్తే చాలు. పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో కూడితే మనసులో మాట చెప్పుకోవడం తేలిక. భార్యాభర్తలూ తోబుట్టువులూ కలిసి కూర్చోవాలనుకుంటే అభ్యంతరమేమీ లేదు.

మొదటే “పన్నెండు వారాలు” అని గడువు చెప్పండి. గడువు లేని పనికి ఒప్పుకోవాలంటే ఎవరైనా వెనకాడతారు.

2. పేర్లు రాయండి

ఒక్కొక్కరు మూడేసి పేర్లు, మొత్తం తొమ్మిది. మీరు నెలకు ఒక్కసారైనా ముఖాముఖి కలిసి మాట్లాడేవాళ్లే అయ్యుండాలి. “మా ఆఫీసంతా”, “మా బంధువులంతా” అని రాయకండి. అందరి కోసం చేసే ప్రార్థన మంచిదే, కానీ అది మిమ్మల్ని ఎవరి గుమ్మం దగ్గరికీ నడిపించదు.

పేరు పక్కన రెండు ముక్కలు రాసుకోండి: చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఆ మనిషి మనసులో ఇప్పుడు ఏముంది. రెండోదానికి జవాబు తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీని నింపడమే, అంటే వెళ్లి వాళ్ల మాట వినడమే, ఆ వారం మీ పని.

జాగ్రత్త: పుస్తకంలో పూర్తి పేరు రాయకండి, మొదటి అక్షరం చాలు. వాళ్ల జబ్బులు, అప్పులు, ఇంటి గొడవలు రాయకండి. పుస్తకం ఎక్కడైనా మరిచిపోతే, ఆ మనిషి దాన్ని చూస్తే, మళ్లీ మీ ముఖం చూస్తారా? మీకు రహస్యంగా చెప్పుకున్న విషయాన్ని ప్రార్థన అంశం పేరుతో కూడా బయటపెట్టకూడదు. “ఆమె కష్టంలో ఉంది” అంటే చాలు. ఏ కష్టమో దేవునికి తెలుసు.

3. నలభై నిమిషాలను ముందే పంచుకోండి

అయిదు నిమిషాలు వాక్యం, అయిదు నిమిషాలు వారం కబుర్లు, పాతిక నిమిషాలు ప్రార్థన, చివరి అయిదు నిమిషాలు వచ్చే వారం ఎవరు ఏం చేస్తారో రాసుకోవడం.

నేను చూసిన గుంపుల్లో చెడిపోయినవి ఎక్కువగా ఇక్కడే చెడిపోయాయి. ప్రార్థన అంశాలు చెప్పుకోవడంతోనే అరగంట గడిచిపోతుంది, ఆఖర్న ఒకరు గబగబా ప్రార్థించి ముగిస్తారు. మా గుంపులోనూ మొదటి నెలంతా ఇదే జరిగింది. ఒకరోజు గడియారం పెట్టుకుని చూస్తే, నలభై నిమిషాల్లో ప్రార్థించింది ఆరు నిమిషాలు. అప్పటి నుంచి అంశాలు ముందుగా చెప్పుకోవడం మానేశాం. చెప్పాల్సినది ప్రార్థనలోనే దేవునితో చెబుతాం, మిగతా ఇద్దరూ విని దాన్నే పట్టుకుని ప్రార్థిస్తారు. మీరూ అలా చేసి చూడండి, సమయం ఎంత మిగులుతుందో.

వాక్యం కోసం వెతుక్కోకండి. మొదటి నెలకు ఈ నాలుగు చాలు: మత్తయి 9:35-38, అపొస్తలుల కార్యములు 4:23-31, కొలొస్సీ 4:2-6, 1 తిమోతి 2:1-6. చదవండి, వివరించకండి.

4. ఒక్కో పేరు మీద అందరూ నిలవండి

వంతులవారీగా ఒక్కొక్కరు తమ జాబితా అంతా ప్రార్థించేసి “ఆమేన్” అంటే, మిగతావాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. అలా కాకుండా ఒక పేరు తీసుకోండి. ఆ పేరు ఎవరిదో వాళ్లు ఒకటి రెండు వాక్యాల్లో మొదలుపెట్టాలి, రెండోవాళ్లు దానికి జోడించాలి, మూడోవాళ్లు జోడించాలి. ముగ్గురి మనసూ అక్కడ కుదిరాకే తర్వాతి పేరుకు వెళ్లాలి. మత్తయి 18:19లో ఏకీభవించడం అంటే ఇదే. ఒకరు ప్రార్థిస్తుంటే ఇద్దరు ఊకొట్టడం కాదు.

వాక్యాలు చిన్నవిగా ఉండనివ్వండి. 1857 సెప్టెంబరు 23న న్యూయార్కులోని ఫుల్టన్ వీధిలో జెరెమయా లాన్‌ఫియర్ అనే ఆయన మధ్యాహ్న ప్రార్థన మొదలుపెట్టాడు. మొదటి అరగంట ఆయనొక్కడే ఉన్నాడు. గంట ముగిసేసరికి ఆరుగురయ్యారు. తర్వాత ఆ కూడికలు జనంతో నిండిపోయినా, ఒకరు అయిదు నిమిషాలకు మించకూడదన్న నియమం పెట్టుకున్నారు. ముగ్గురే ఉన్న మీకు ఒక్కొక్కరికి ఒక నిమిషం ధారాళం.

పైకి ప్రార్థించడానికి బెదిరేవాళ్లుంటే బలవంతపెట్టకండి. “ప్రభువా, ఫలానా ఆమెను నీకు అప్పగిస్తున్నాను” అని ఒక్క వాక్యం అంటే చాలని చెప్పండి. రాసుకొచ్చి చదివినా తప్పులేదు. నాలుగైదు వారాలకు వాళ్ల నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

5. ఏం అడగాలి?

ఒక్కో పేరు మీద మూడు వైపులా అడగండి.

వినేవాళ్ల కోసం: ఫిలిప్పీలో లూదియ పౌలు మాటలు శ్రద్ధగా విన్నది ప్రభువు ఆమె హృదయం తెరిచినందుకే (అపొస్తలుల కార్యములు 16:14). అలా తెరవమని అడగండి. మనోనేత్రాలకు ఉన్న గుడ్డితనం తొలగాలని అడగండి (2 కొరింథీ 4:4). వాళ్ల ఇల్లు, పని, ఆరోగ్యం కోసం కూడా అడగండి. రక్షణ ఒక్కటే అడిగి, వాళ్ల బిడ్డ జ్వరం గురించి అడగకపోతే అది ప్రేమ అనిపించుకోదు.

చెప్పేవాళ్ల కోసం: ద్వారం, ధైర్యం, స్పష్టత. ఇంకొకటి నేను కలుపుతాను: ఓపికగా వినే చెవి. “ప్రభువా, గురువారం నా చెల్లెలు ఆమెను కలుస్తోంది. తొందరపడి మాట్లాడకుండా కాపాడు. ఆమె అడిగితే మాత్రం వెనక్కి తగ్గనివ్వకు” అని ప్రార్థించండి. రోజు పేరు, పని పేరు చెప్పి అడిగితే జవాబు వచ్చినప్పుడు గుర్తుపట్టగలుగుతారు.

ఇతర పనివాళ్ల కోసం: దీన్ని ఎక్కువమంది మరిచిపోతారు. మత్తయి 9:38లో ప్రభువు అడగమన్నది కోత కోసం కాదు, కోతకు పనివారిని పంపమని. మీరు చేరలేని చోట, ఆ మనిషి పక్కన మరో విశ్వాసిని ఉంచమని అడగండి. దూరంగా ఉన్న తమ్ముడి కోసమో, మీ మాట అస్సలు వినని తండ్రి కోసమో ప్రార్థించేటప్పుడు ఇదే ముఖ్యమైన అంశం.

6. వారానికి ఒక్క చిన్న అడుగు

కూడిక చివర ప్రతి ఒక్కరూ ఒక్క పని చెప్పాలి. “సువార్త చెబుతాను” అని పెద్ద మాట అనకండి. “శనివారం సాయంత్రం అతనికి ఫోన్ చేసి వాళ్లమ్మ ఆరోగ్యం అడుగుతాను” అనండి. పని చిన్నదైనా, సమయం కచ్చితంగా ఉండాలి. ఆ సమయానికి మిగతా ఇద్దరూ ఎక్కడున్నా ఒక్క నిమిషం ఆగి ప్రార్థించాలి. బయల్దేరే ముందు “వెళ్తున్నాను” అని ఒక్క మాట మెసేజ్ పెట్టండి. గుమ్మం ముందు నిలబడ్డప్పుడు ఆ ఇద్దరూ ప్రార్థిస్తున్నారని తెలిస్తే కాళ్లకు వచ్చే బలమే వేరు.

అక్కడ ఏం చేయాలి? ముందు వినండి. కష్టం చెప్పుకుంటే “మీ కోసం ప్రార్థించనా?” అని అడగండి. సరే అంటే అక్కడే, రెండు మూడు వాక్యాల్లో, మామూలు గొంతుతో ప్రార్థించండి. వద్దంటే నొచ్చుకోకుండా మాట మార్చండి. మీ నిరీక్షణకు కారణం అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలని, అదీ సాత్వికంతోనూ భయంతోనూ చెప్పాలని 1 పేతురు 3:15 అంటుంది. మీరు ప్రభువును ఎలా తెలుసుకున్నారో మూడు నిమిషాల్లో చెప్పేలా ఇంట్లో ఒకసారి పైకి చెప్పుకుని చూడండి. మీ ముగ్గురిలో ఒకరి ముందు ఒకరు చెప్పుకుంటే ఇంకా మంచిది.

చేయకూడనివి: ప్రార్థిస్తే జబ్బు తప్పకుండా నయమవుతుందని, ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వకండి. సాయం చేస్తే సాయంగా చేయండి, దానికి బదులుగా నమ్మాలన్నట్టు మాట్లాడకండి. వాళ్లు పూజించేవాటిని కించపరచకండి. తల్లిదండ్రులకు తెలియకుండా చిన్నపిల్లలతో ఈ విషయాలు మాట్లాడకండి. ఒక్కరే ఉన్న సమయంలో స్త్రీ ఇంటికి పురుషుడు, పురుషుడి ఇంటికి స్త్రీ వెళ్లకండి. “మేమంతా మీ కోసం ప్రార్థిస్తున్నాం” అని ఒక పట్టీలోని పేరులా వాళ్లతో అనకండి. ఎవరికైనా తాను ఒక పని కింద జమ అయ్యానని తెలిస్తే మనసు నొచ్చుకుంటుంది. ఆ మాటలో నిజం ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. ప్రభువును నమ్మినా నమ్మకపోయినా వాళ్లు మీ స్నేహితులేనా?

7. వచ్చి జరిగింది చెప్పండి

చెరలోంచి విడుదలైన పేతురు, యోహానులు తమవారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పారు. అది విని అందరూ ఏకమనస్సుతో ప్రార్థించారు (అపొస్తలుల కార్యములు 4:23-24). మీ వారం కబుర్లు కూడా ఇంతే: నేను ఏం చేశాను, ఏమైంది. చేయలేకపోతే “భయపడ్డాను, చేయలేదు” అనండి. ఆ మాట దాచకుండా చెప్పగలిగే చోటు కావాలనే కదా ముగ్గురు కూడింది. విన్నవాళ్లు ఉపదేశం చేయకూడదు, తప్పు పట్టకూడదు, వెంటనే ఆ భయం గురించి ప్రార్థించాలి.

పెంచి చెప్పకండి. మీరు కలిసిన స్నేహితురాలు మర్యాదకు తలూపితే “అంగీకరించింది” అని చెప్పేస్తాం, ప్రార్థన ఆపేస్తాం. ఆమె అన్న మాటలు అన్నట్టే చెప్పండి.

కూడటం కుదరకపోతే

పని వేళలు కలవనివాళ్లు, దూరాన ఉన్నవాళ్లు ఫోనులో ముగ్గురూ కలిసి మాట్లాడుకోండి. అదీ కుదరకపోతే ఒకే గంట నిర్ణయించుకుని ఎవరి చోట వాళ్లు ప్రార్థించి, తర్వాత రెండు వాక్యాల వాయిస్ మెసేజ్ పెట్టుకోండి. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరావియన్ విశ్వాసులు ఇలాగే గంటలు పంచుకున్నారు. ఇరవై నాలుగు మంది పురుషులు, ఇరవై నాలుగు మంది స్త్రీలు ఒక్కో గంట తీసుకోవడంతో మొదలైన ఆ ప్రార్థన వందేళ్లకు పైగా సాగింది. మొదలైన అయిదేళ్లకే, 1732లో, వాళ్ల మొదటి మిషనరీలు కరీబియన్ ద్వీపమైన సెయింట్ థామస్‌కు బయల్దేరారు. కలిసి ఒకే గదిలో ఉండటం ఒక్కటే దారి కాదన్నమాట.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయి, కూడికకు వెళ్లడం గొడవకు దారితీస్తుంటే, రహస్యంగా వెళ్లి అబద్ధాలు చెప్పే పరిస్థితి తెచ్చుకోకండి. పని మధ్యలో పది నిమిషాలు ఒక సహోదరితో ఫోనులో ప్రార్థించినా చాలు.

పన్నెండు వారాల తర్వాత ఎలా చూసుకోవాలి?

ఎంతమంది నమ్మారు అని లెక్కపెట్టకండి. అది మీ చేతిలో ఉన్నది కాదు. తండ్రి ఆకర్షిస్తేనే గానీ ఎవరూ తన దగ్గరికి రాలేరని ప్రభువే అన్నాడు (యోహాను 6:44). ఆ లెక్క పెట్టుకున్న గుంపులు నిరాశపడి మూతపడటమో, అవతలివాళ్ల మీద ఒత్తిడి పెట్టడమో చూశాను. నోటుపుస్తకం తెరిచి వీటిని చూడండి:

- పన్నెండు వారాల్లో ఎన్నిసార్లు కూడారు? తొమ్మిదికి తగ్గితే రోజో సమయమో మార్చండి.
- మొదటి వారం ఖాళీగా వదిలిన గళ్లలో ఎన్ని నిండాయి?
- రాసుకున్న చిన్న అడుగుల్లో ఎన్ని వేశారు?
- రోజు పేరు చెప్పి అడిగిన వాటిలో దేవుడు వేటికి జవాబిచ్చాడు?
- ఏదైనా పేరు మీద ఒక్క అడుగూ పడలేదా? అది భయమా, పాత కోపమా? కోపమైతే ముందు వెళ్లి సమాధానపడండి. ఆ ప్రార్థనకు అడ్డం అదే అయ్యుండవచ్చు.

నాలుగో ప్రశ్నకు తొందరపడి “ఏమీ లేదు” అనకండి. చెరసాలలో ఉన్న పేతురు కోసం సంఘం ఆసక్తితో ప్రార్థించింది. అతనే వచ్చి తలుపు తడుతుంటే, ఆ సంగతి చెప్పిన రొదే అనే చిన్నదాన్ని పిచ్చిదానివన్నారు (అపొస్తలుల కార్యములు 12:5-16). “మీ చర్చిలో ఏం చేస్తారు?” అని మీరు ప్రార్థిస్తున్న స్నేహితురాలు ఒకసారి మామూలుగా అడిగిందేమో, మీరు పట్టించుకోలేదేమో, తిరిగి గుర్తుచేసుకోండి.

ఇక ఎంతకాలం అంటారా? ఇంగ్లండులో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ 1844 నవంబరులో అయిదుగురి రక్షణ కోసం ప్రతిరోజూ ప్రార్థించడం మొదలుపెట్టాడు. మొదటివాడు మారడానికి ఏడాదిన్నర పట్టింది, రెండోవాడికి మరో అయిదేళ్లు, మూడోవాడికి ఇంకో ఆరేళ్లు. మిగిలిన ఇద్దరి కోసం మూడు దశాబ్దాలు దాటినా ఆపలేదు. పన్నెండు వారాలకు పేర్లు మార్చేయాలనిపిస్తే ఆ లెక్క గుర్తుచేసుకోండి. పేరు తీసేయకండి. మీరు వాళ్లకు దూరమైపోతే మాత్రం కొత్త పేరు పక్కన చేర్చుకోండి.

ఒకరు నమ్మితే

ఆ రోజు సంతోషంతో స్తుతి చెల్లించండి, కానీ వాళ్ల సాక్ష్యం అందరి ముందూ మీరు చెప్పేయకండి. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో వాళ్లు నిర్ణయించుకుంటారు. ఇంట్లో ఎదురయ్యే పరిస్థితి మీకు పూర్తిగా తెలియకపోవచ్చు. మీ పాస్టర్ గారికి పరిచయం చేయండి, వారానికోసారి వాళ్లతో కలిసి ఒక సువార్త పుస్తకం మొదటి నుంచి చదవండి. మార్కు చిన్నది, దాంతో మొదలుపెట్టవచ్చు. వాళ్ల పేరు జాబితాలోంచి కొట్టేయకుండా మరో పేజీలో రాసి, అదే శ్రద్ధతో ప్రార్థించండి. మొదటి ఏడాదే వాళ్లకు ఎక్కువ అవసరం.

కొన్ని నెలలు గడిచాక వాళ్లనే అడగండి: “నీకు తెలిసినవాళ్లలో ఎవరి కోసం ప్రార్థిద్దాం?” వాళ్లు మూడు పేర్లు చెబితే, మీ ముగ్గురిలో ఒకరు వాళ్లతో కలిసి కొత్త గుంపు మొదలుపెట్టండి. మూడోవాళ్లను ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు. మిగిలిన ఇద్దరూ పాత పుస్తకంతో, అదే రోజున, అదే సమయానికి కూడుతూ ఉండండి.